కరెంటు పెట్టించుకుంటున్న అమ్మకు విరేచనాలు మొదలయ్యాయి: పీచు పూర్తిగా మానేయాలా?

పలమనేరు ఆడపడుచు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా అమ్మ వయస్సు 58 సంవత్సరాలు. ఆమెకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలడంతో తిరుపతిలో రేడియేషన్ చేయిస్తున్నాము. మా ఊరిలో అందరూ దీనిని కరెంటు పెట్టడం అనే అంటారు. మొత్తం 25 సిట్టింగులు అని చెప్పారు. సోమవారం నుండి శుక్రవారం వరకు రోజుకు ఒకటి చొప్పున పెడతారు, వారానికి ఒకసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిస్తారు, ఇవన్నీ అయ్యాక లోపలి నుండి ఇచ్చే రేడియేషన్ కూడా ఉంటుంది. రోజూ పలమనేరు నుండి వచ్చిపోవడం కుదరదు కాబట్టి ఆసుపత్రికి దగ్గరలో ఒక గది అద్దెకు తీసుకుని, శుక్రవారం సిట్టింగు కాగానే బస్సెక్కి ఊరికి వెళ్లి, ఆదివారం సాయంత్రానికి తిరిగి వస్తున్నాము.

మొదటి రెండు వారాలు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. పన్నెండవ సిట్టింగు తర్వాత విరేచనాలు మొదలయ్యాయి. ఇప్పుడు రోజుకు ఐదారు సార్లు వెళ్తోంది. వెళ్లే ముందు బొడ్డు చుట్టూ నులిమినట్టు నొప్పి వస్తుందని, వెళ్లి వచ్చాక కూడా ఇంకా మిగిలి ఉన్నట్టే అనిపిస్తుందని చెబుతోంది. అప్పుడప్పుడు జిగట పడుతోంది. రక్తం లేదు, జ్వరం లేదు. పోయిన శుక్రవారం ఊరికి వెళ్తుండగా చిత్తూరు బస్టాండులో బస్సు ఆగిన కాసేపట్లో ఆమె పరుగున మరుగుదొడ్డికి వెళ్లవలసి వచ్చింది, నేను డ్రైవరు గారిని బతిమాలి బస్సును ఆపించాను. తిరిగి వచ్చి కూర్చున్నాక చేతిసంచిని ఒడిలో గట్టిగా పట్టుకుని, ఇల్లు చేరేదాకా నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

డాక్టరు గారికి చెప్పాము, మాత్రలు రాశారు. నా సందేహం ఆహారం గురించి. పీచు ఉన్నది ఏదీ పెట్టవద్దని, తెల్ల అన్నం, ఇడ్లీ, పెరుగు మాత్రమే పెట్టమని అక్కడ పనిచేసే ఒకరు చెప్పారు. మా అన్నయ్య మాత్రం, పీచు ఎక్కువగా తింటేనే పేగులు బాగుంటాయని ఎక్కడో చదివి, ఆకుకూరలు, గోధుమ రొట్టెలు పెట్టమంటున్నాడు. అమ్మకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుండి రాగి సంగటి అలవాటు. అది తినకపోతే భోజనం చేసినట్టే ఉండదని అంటోంది. వీటిలో ఏది సరైనది? పీచు పూర్తిగా ఆపాలా, పెంచాలా? సంగటి పెట్టవచ్చా?

ఆహార నిపుణురాలు, తిరుపతి (సమాధానం):

నమస్కారం అమ్మా. నేను క్యాన్సర్ రోగుల ఆహారం చూసే పనిలో పదకొండు సంవత్సరాలుగా ఉన్నాను. మీరు అడిగిన ప్రశ్న నన్ను వారానికి నలుగురైదుగురు అడుగుతారు. నేను చెప్పేదానిని మీ డాక్టరు గారికి కూడా ఒకసారి చూపించండి, ఎందుకంటే అమ్మగారి రిపోర్టులు వారి దగ్గర ఉన్నాయి, నా దగ్గర లేవు.

ముందుగా, ఈ విరేచనాలు ఎందుకు వస్తాయో అర్థం చేసుకుంటే మిగిలినదంతా సులభంగా అర్థమవుతుంది. గర్భాశయానికి పెట్టే కిరణాలు దాని చుట్టూ ఉన్న చిన్నపేగు చివరి భాగం మీద, పెద్దపేగు మీద, పురీషనాళం మీద కూడా కొంత పడతాయి. రాంట్‌జెన్ 1895లో ఎక్స్ కిరణాలను కనుగొన్న రెండేళ్లకే, ఆ కిరణాల దగ్గర పనిచేసే మనిషికి కడుపు చెడిన సంగతి వైద్య పత్రికలలోకి ఎక్కింది. చిన్నపేగు లోపలి పొర మీద నూగులాంటి మొలకలు ఉంటాయి. వాటిని కప్పి ఉండే కణాలు మూడు నుండి ఐదు రోజులకు ఒకసారి రాలిపోయి, అడుగున ఉన్న మూలకణాల నుండి కొత్తవి పుట్టుకొస్తుంటాయి. వేగంగా విభజన చెందే కణాలనే రేడియేషన్ ఎక్కువగా దెబ్బతీస్తుంది కాబట్టి, రాలిపోయేవి రాలిపోతూనే ఉంటాయి కానీ వాటి స్థానంలోకి రావలసినవి సరిపడా రావు. రెండవ, మూడవ వారానికి ఆ లోటు బయటపడుతుంది. మీ అమ్మగారికి పన్నెండవ సిట్టింగు తర్వాత మొదలైందంటే అది సరిగ్గా ఆ సమయమే. సిట్టింగులు పూర్తయ్యాక ఈ పొర మళ్లీ నిండుకుంటుంది. చాలామందికి కొన్ని వారాలలోనే తగ్గుతుంది, కొందరికి మూడు నెలలు పడుతుంది.

పొర పలచబడినప్పుడు ఒకేసారి మూడు నాలుగు తేడాలు వస్తాయి. పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము ఆ మొలకల కొనల మీదనే ఉంటుంది కాబట్టి, నిన్నటిదాకా పడిన పాలు ఈరోజు పడవు, కడుపు ఉబ్బరిస్తుంది. కొవ్వును అరిగించడానికి కాలేయం నుండి వచ్చే పైత్యరస లవణాలను చిన్నపేగు చివరి భాగం తిరిగి పీల్చుకోవాలి, అది పీల్చుకోలేకపోతే అవి పెద్దపేగులోకి జారి అక్కడ నీటిని లాగి విరేచనం చేస్తాయి. అందుకే ఈ రోజులలో నూనె ఎక్కువైన కూర తిన్న పూట బాధ ఎక్కువవుతుంది. ఇంటివారు మాత్రం ఆ పూట తిన్న ఆకుకూరను తప్పుపడతారు.

ఇప్పుడు పీచు సంగతి. మీకు ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు, ఇద్దరూ పీచు అంటే ఒకే పదార్థం అనుకుని చెప్పారు. పీచు ఒకటి కాదు. నీటిలో కలిసి జిగురుగా, గంజిలా మారేది ఒక రకం, దానిని కరిగే పీచు అంటాము. ఇసబ్గోలు పొట్టు, ఓట్లు, పండిన అరటిపండు, ఉడికించిన యాపిలు, ఉడికించిన క్యారెట్టు, మెంతులలోని జిగురు ఈ కోవలోకి వస్తాయి. నీటిలో కరగకుండా గరుకుగానే ఉండి పేగును తోసుకుంటూ పోయేది రెండవ రకం: గోధుమ తవుడు, పప్పుల పొట్టు, జామ గింజలు, ఆకుకూరల కాడలు, పచ్చి కూరగాయల తొక్కలు. మొదటి రకం పేగులో వదులుగా ఉన్న నీటిని పట్టి ఉంచి విరేచనాన్ని కాస్త గట్టిపరుస్తుంది. పెద్దపేగులోని మంచి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి బ్యుటిరేట్ వంటి ఆమ్లాలను తయారు చేస్తాయి. పెద్దపేగు లోపలి పొర కణాలకు ఆ బ్యుటిరేటే ప్రధానమైన ఇంధనం. అంటే, దెబ్బతిని ఉన్న పొరకు తిండి పెట్టేది ఆ పీచే. పీచు మొత్తంగా మానేస్తే ఆ తిండిని కూడా ఆపినట్లవుతుంది. రెండవ రకం ఆరోగ్యవంతులకు ఎంతో మేలు చేసేదే అయినా, పొర పుండుపడినట్టు ఉన్న ఈ కొద్ది వారాలలో మాత్రం కొందరికి నులినొప్పిని, తొందరను పెంచుతుంది.

"పీచు వద్దు" అనే సలహా చాలా ఏళ్లుగా ఆసుపత్రులలో ఇస్తున్నదే, చెప్పినవారిది చెడు ఉద్దేశం కాదు. కానీ దానిని పరీక్షించి చూసినప్పుడు అది నిలబడలేదు. లండన్‌లోని రాయల్ మార్స్‌డెన్ ఆసుపత్రిలో కటి భాగానికి రేడియేషన్ తీసుకుంటున్న 166 మందిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు పీచు బాగా తగ్గించి, ఒక జట్టుకు బాగా పెంచి, మరొక జట్టును వారి అలవాటు ప్రకారమే తిననిచ్చారు. 2017లో వెలువడిన ఆ ఫలితాలలో పీచు తగ్గించినవారికి ఏ మేలూ కనబడలేదు. పీచు పెంచినవారికి, అలవాటు ప్రకారం తిన్నవారితో పోలిస్తే, రేడియేషన్ పూర్తయ్యేసరికీ, ఆ తర్వాత సంవత్సరానికి కూడా పేగుల బాధ తక్కువగా ఉంది. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. వారు పీచును రేడియేషన్ మొదటి నుండే, ఆహార నిపుణుల పర్యవేక్షణలో ఇచ్చారు. విరేచనాలు మొదలై రోజుకు ఆరుసార్లు వెళ్తున్న మనిషికి హఠాత్తుగా గోధుమ రొట్టెలు, తోటకూర కుప్పగా పెట్టమని దాని అర్థం కాదు. మీ అన్నయ్యగారు చదివింది తప్పు కాదు, దానిని ఈ వారంలో అమలు చేయాలనుకోవడమే తొందరపాటు.

సంగటి గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మన వైపు భోజనం మానిపించడమంటే సంగటి మానిపించడమే. వంద గ్రాముల రాగులలో సుమారు 11 గ్రాముల పీచు ఉంటుంది, తెల్ల బియ్యంలో అది 3 గ్రాముల లోపే. అయితే రాగులలోని ఆ పదకొండు గ్రాములలో కరిగే రకం రెండు గ్రాములు కూడా ఉండదు, మిగిలినదంతా పైపొట్టుతో వచ్చే గరుకు పీచే. కాబట్టి ఈ రెండు మూడు వారాలు ముద్ద సంగటిని పక్కన పెట్టి, పసిపిల్లలకు చేసినట్టు రాగి పాలు తీయండి. రాగులను రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, పలచని నూలు గుడ్డలో వేసి పిండితే తెల్లని పాలు కిందికి దిగి, ఎర్రని పిప్పి గుడ్డలో మిగిలిపోతుంది. ఆ పాలను కాచితే చిక్కటి జావ అవుతుంది. అందులో ఉప్పు, పలచని మజ్జిగ కలిపి ఇవ్వండి. రాగి వాసన, రుచి ఉంటాయి, పొట్టు ఉండదు. దీనిలో మెత్తగా ఉడికిన అన్నాన్ని కలిపి ఇస్తే అమ్మగారికి సంగటి తిన్న తృప్తి కొంతైనా కలుగుతుంది.

మిగిలిన ఆహారంలో మెత్తటి అన్నం, పొట్టు లేని పెసరపప్పు పలచగా, లేత సొరకాయ, తొక్క తీసి ఉడికించిన క్యారెట్టు, రోజుకు రెండు పండిన అరటిపండ్లు ఉండవచ్చు. పాలు ఆపి పెరుగు, మజ్జిగ ఇవ్వండి, వాటిలో లాక్టోజ్ కొంత పులిసిపోయి ఉంటుంది. నూనె, కారం తగ్గించండి. రెండు గుడ్లో, చేప ముక్కో రోజూ ఉండాలి, ఎందుకంటే ఈ ఐదు వారాలలో బరువు తగ్గకుండా చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ప్రతి విరేచనం తర్వాత ఓఆర్ఎస్ తాగించండి. సిస్‌ప్లాటిన్ మూత్రపిండాల మీద భారం వేసే మందు, శరీరంలో నీరు తగ్గితే ఆ భారం ఇంకా పెరుగుతుంది.

ఇసబ్గోలు విషయం డాక్టరు గారిని అడిగి మొదలుపెట్టండి. అర చెంచాతో మొదలుపెట్టి, నిండు గ్లాసు నీటిలో కలిపి వెంటనే తాగించాలి. మాత్రలకు, దానికి మధ్య రెండు గంటల ఎడం ఉండాలి, లేకపోతే మందు సరిగా ఒంటికి పట్టదు.

చిత్తూరు విశ్రాంత ఉపాధ్యాయుడు (సమాధానం):

పైన నిపుణురాలు చెప్పినదానికి నా అనుభవం ఒకటి జోడించాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నాకు 2016లో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చారు. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అవసరం లేదు. మొదటి వారంలోనే నాకు ఒక కాగితం ఇచ్చారు, అందులో పీచు పదార్థాలు తినరాదని ఉంది. నేను నలభై ఏళ్లు బడిలో పిల్లలకు చెప్పినది చెప్పినట్టు చేయమని బోధించినవాడిని కాబట్టి, ఆ కాగితాన్ని వంటగది తలుపుకు అతికించి అక్షరం తప్పకుండా పాటించాను. ఎప్పటిదాకా పాటించాలో ఆ కాగితంలో లేదు. నేను అడగలేదు, వారూ చెప్పలేదు. చికిత్స పూర్తయ్యాక పద్నాలుగు నెలలు తెల్ల అన్నం, రసం, ఇడ్లీతోనే గడిపాను.

దాని ఫలితంగా నాకు విరేచనాలు పోయి మలబద్ధకం పట్టుకుంది. మరుగుదొడ్డిలో అరగంట ముక్కవలసి వచ్చేది. ఒకరోజు ఉదయం రక్తం పడింది, జబ్బు తిరగబెట్టిందనే భయంతో ఆ రోజంతా ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఉన్నాను. తర్వాత గొట్టం వేసి చూసిన డాక్టరు గారు, రేడియేషన్ పడిన చోట పురీషనాళం గోడ మీద పలచని రక్తనాళాలు పైకి తేలి ఉన్నాయని, గట్టి మలం వాటిని ఒరుసుకున్నప్పుడల్లా రక్తం వస్తోందని తెర మీద చూపించి చెప్పారు. తెల్లని గోడ మీద ఎర్ర సిరాతో గీసిన సాలెగూడులా ఉంది. అలాంటి చోట ముక్క కోసి పరీక్షకు పంపితే ఆ పుండు మానదని, అందుకే ముక్క తీయడం లేదని కూడా చెప్పారు. ఆర్గాన్ వాయువుతో రెండు విడతలుగా ఆ నాళాలను మాడ్చారు. రాత్రిపూట ఇసబ్గోలు, పగలు పండ్లు, కూరలు మొదలుపెట్టించారు. ఈరోజు వరకు మళ్లీ రక్తం చూడలేదు.

అమ్మా, మీరు డాక్టరు గారిని "ఏమి తినకూడదు" అని అడిగిన ప్రతిసారీ "ఎప్పటిదాకా" అని కూడా అడగండి. జవాబును తేదీతో సహా రాసుకోండి.

మదనపల్లె మిత్రుడు (సమాధానం):

రెండవ వైపు కూడా చెప్పాలి. మా పెద్దమ్మకు ఇదే జబ్బుకు ఇదే చికిత్స జరిగి ఐదేళ్లయింది, మనిషి బాగానే తిరుగుతూ ఉండేది. పోయిన సంక్రాంతి రోజులలో అనపగింజల గుగ్గిళ్లు పొట్టుతోనే రెండు దోసిళ్లు తిన్నది. ఆ రాత్రి కడుపు డప్పులా ఉబ్బి, గాలి కూడా పోక, పచ్చగా వాంతులు చేసుకుంది. తెల్లవారుజామున ఆసుపత్రికి తీసుకుపోతే, రేడియేషన్ వల్ల పేగు ఒకచోట మచ్చకట్టి సన్నబడిందని, ఆ ఇరుకులో గింజల పొట్టు అడ్డం పడిందని స్కానులో తేలింది. మూడు రోజులు ముక్కులో గొట్టం పెట్టి సెలైన్ మీద ఉంచితే దారి వదిలింది. పీచు మంచిదని చదివి ఎవరికి పడితే వారికి పెట్టకండి.

మరొక మాట. మా ఇంట్లో విరేచనాలకు మెంతులు పెరుగులో వేసి మింగిస్తాము. అది అమ్మగారికి పనికొస్తుందేమో నిపుణురాలు చెప్పగలరు.

ఆహార నిపుణురాలు, తిరుపతి:

మదనపల్లె మిత్రులు చెప్పినది చాలా అవసరమైన మాట. రేడియేషన్ వెంటనే చేసే హాని పొరకు సంబంధించినది, అది మానుతుంది. నెలలు, ఏళ్లు గడిచాక వచ్చేది వేరు. అది పేగు గోడలోని సన్నని రక్తనాళాలు మూసుకుపోయి, గోడ గట్టిపడి, మచ్చకట్టడం వల్ల వస్తుంది. తిన్న తర్వాత ప్రతిసారీ ఒకేచోట నొప్పి, ఉబ్బరం, వాంతి వస్తుంటే పేగు సన్నబడిందేమో చూపించుకోవాలి, అలాంటివారికి గరుకు పీచు నిజంగానే ప్రమాదం. ఆ దశలో ఇసబ్గోలు కూడా సొంతంగా వాడకూడదు. మన చిత్తూరు వారు అనపగింజలను నానబెట్టి, ఒక్కొక్కటీ వేళ్ల మధ్య పితికి పొట్టు తీసి పితికిపప్పు చేస్తారు కదా, అటువంటివారికి గుగ్గిళ్ల కన్నా ఆ పప్పును మెత్తగా ఉడికించి కొద్దిగా పెట్టడం మేలు.

మెంతులలో దాదాపు సగం పీచే, అందులో కరిగే జిగురు బాగా ఉంటుంది, కాబట్టి పెద్దల వాడకంలో అర్థం ఉంది. అయితే గింజను గింజగానే మింగితే ఆ జిగురు సరిగా బయటికి రాదు, పైగా గట్టి గింజ లేత పొరను ఒరుసుకుంటుంది. నానబెట్టి మెత్తగా రుబ్బి, అర చెంచా పెరుగులో కలిపి ఇవ్వవచ్చు. షుగరు మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా వాడవద్దు, చక్కెర పడిపోయే అవకాశం ఉంది.

పలమనేరు ఆడపడుచు:

మీ అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. పది రోజుల తర్వాత రాస్తున్నాను. ఇరవై మూడు సిట్టింగులు పూర్తయ్యాయి. డాక్టరు గారు విరేచనాలు తగ్గించే లోపరమైడ్ మాత్రలను ఎలా వాడాలో మళ్లీ వివరించారు, ఇసబ్గోలుకు ఒప్పుకున్నారు. పాలు పూర్తిగా ఆపాము. విరేచనాలు రోజుకు రెండు మూడుకు తగ్గాయి, నులినొప్పి రాత్రిపూట లేదు. గదిలో ఒకే చిన్న స్టవ్వు ఉన్నా రాగి పాలు తీస్తున్నాను. మొదటి రోజు అమ్మ ఆ గుడ్డను తన చేతిలోకి తీసుకుని, నన్ను కూడా ఇలాగే పెంచానని చెప్పి తానే పిండింది. చాలా రోజుల తర్వాత గిన్నె ఖాళీ చేసింది.

ఇప్పుడు రెండు సందేహాలు. సిట్టింగుకు ముందు నీళ్లు తాగించి మూత్రం ఆపుకోమంటున్నారు, విరేచనం తొందరతో అది ఆమెకు కష్టంగా ఉంది, మానేయవచ్చా? ముద్ద సంగటి మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి? మాస్టారు చెప్పినట్టు తేదీతో రాసుకుంటాను.

ఆహార నిపుణురాలు, తిరుపతి:

నీళ్లు తాగడం మానవద్దు. మూత్రాశయం నిండితే చిన్నపేగు పైకి జరిగి కిరణాల దారి నుండి కొంత తప్పుకుంటుంది, అది ఆమె పేగును కాపాడటానికే. వెళ్లే ముందు మరుగుదొడ్డికి వెళ్లి వచ్చి, ఆ తర్వాత నీళ్లు తాగించండి. కష్టంగా ఉందని మెషిన్ దగ్గర ఉండేవారికి చెబితే ఆమె వంతును ఆలస్యం కాకుండా చూస్తారు.

సంగటికి తేదీ ఇప్పుడే చెప్పలేను, గుర్తు చెబుతాను. లోపలి రేడియేషన్ కూడా పూర్తయి, మాత్ర వేయకుండా వరుసగా పది రోజులు విరేచనం మామూలుగా అయితే, ఆ రోజు నుండి లెక్క మొదలుపెట్టండి. మొదటి వారం జల్లించిన రాగి పిండితో, బియ్యం ఎక్కువగా వేసి, నిమ్మకాయంత ముద్ద మధ్యాహ్నం ఒక్క పూట పెట్టండి. ఇబ్బంది లేకపోతే రెండవ వారం ముద్ద పెంచండి, మూడవ వారం లేత ఆకుకూర కాడలు తీసి పప్పులో వేయండి. ఒకే వారంలో రెండు కొత్తవి కలపవద్దు, ఏది పడలేదో తెలియదు. నెలన్నర, రెండు నెలలకు ఆమె ఇంతకుముందు తిన్నట్టే తినగలగాలి. తినలేకపోతే, లేదా రక్తం, జ్వరం, వాంతులు, గాలి పోకుండా ఉబ్బరం వీటిలో ఏది కనిపించినా, వారాంతం అయినా సరే ఆగకుండా తిరుపతికి తీసుకురండి.